ఆరు అగ్గిపెట్టెల లెక్క

నాకు కోపం ఎక్కువ. కాలేజీలో పిల్లలు నా వెనకాల నన్ను మిరపకాయ మేడం అనేవాళ్ళు. ఆ సంగతి నాకు తెలుసని వాళ్ళకు తెలియదు. స్టాయికియోమెట్రీ పాఠం నడిచే రోజుల్లో ఆ ఘాటు ఇంకాస్త పెరిగేది. ఏ పదార్థం ఎంత కలిపితే ఏది ఎంత పుడుతుంది, ఏది మిగిలిపోతుంది, ఇంతే ఆ పాఠం. అన్నం వండే ఎవరికైనా తెలిసిన లెక్కే. దాన్ని మోల్ అనీ అణుభారం అనీ చెప్పేసరికి మాత్రం పిల్లల మొహాలు వాడిపోయేవి. సమీకరణాన్ని తుల్యం చేయకుండానే జవాబు రాసి తెచ్చేవాళ్ళు. అలాంటి నోటుబుక్కులు రెండు మూడు కిటికీలోంచి బయటికి విసిరేశాను కూడా. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది గానీ, అప్పుడు నేను గొప్ప టీచర్ననే అనుకున్నాను.

రెండువేల సంవత్సరం దాటిన తొలి ఏళ్ళు అవి. అప్పటికి అదంతా ఖమ్మం జిల్లాయే. ములకలపల్లి దాటాక అడవి మొదలయ్యే చోట ఒక సర్కారు జూనియర్ కాలేజీలో కాంట్రాక్టు మీద కెమిస్ట్రీ చెప్పేదాన్ని. మాది కృష్ణా జిల్లా సరిహద్దున ఎర్రుపాలెం వైపు. నేను 'ఏంటి' అంటే పిల్లలు 'ఏంది' అనేవాళ్ళు, నేను 'అవును' అంటే వాళ్ళు 'అవ్' అని ముసిముసిగా నవ్వేవాళ్ళు. ఆ నవ్వులకు పెద్దగా బాధపడేదాన్ని కాదు. లెక్క దగ్గర నవ్వితే మాత్రం ఊరుకునేదాన్ని కాదు.

మొదటి సంవత్సరం క్లాసులో ఒక కోయ అమ్మాయి ఉండేది. రోడ్డు దిగి, వాగు దాటి, అడవిలో నాలుగు కిలోమీటర్లు లోపలికి వాళ్ళ గూడెం. రెండో బెంచీలో చివర కూర్చునేది. అడిగితే తప్ప నోరు విప్పేది కాదు. ఒకరోజు లిమిటింగ్ రీఏజెంట్ గురించి చెబుతున్నాను. రెండు పదార్థాలు కలిసి మూడోది పుట్టేటప్పుడు, ఏది ముందు అయిపోతుందో అదే చర్యను ఆపేస్తుంది, రెండోది గుట్టలుగా ఉన్నా లాభం లేదు. నలభై నిమిషాలు చెప్పినా ఎవరికీ ఎక్కలేదు. చాక్‌పీసు బల్లకేసి కొట్టాను. అప్పుడు ఆ అమ్మాయి లేచి నిలబడింది.

"మేడం, తునికాకు కట్టల లెక్కనేనా గిది?"

"ఏం కట్టలు?"

"కట్టకు యాభై ఆకులు, ఒక నార. ఆకు కుప్పలు కుప్పలుంటది, నార అయిపోతది. ఇగ కట్టలెట్ల అయితయ్? నార ఎంతుంటే గన్నే గదా."

క్లాసంతా ఒక్కసారి తలలూపింది. ఎండాకాలం బీడీల కోసం తునికాకు కోయని పిల్లలు ఆ క్లాసులో పది మంది కూడా లేరు. నా నలభై నిమిషాల పాఠాన్ని ఆ అమ్మాయి నార ముక్కతో కట్టేసింది. నేను నవ్వాను. ఆ రోజు నుంచి లెక్క ఇవ్వగానే ముందు ఆమె నోటుబుక్కే చూసేదాన్ని. ఆమెకు డిగ్రీ దాకా చెప్పించాలని, తర్వాత నాలాగే కెమిస్ట్రీ చెప్పించాలని నాలో నేనే నిర్ణయించేసుకున్నాను. ఆమెను అడగలేదు. నాకు అడిగే అలవాటు లేదు.

శ్రావణంలో వారం రోజులు ముసురు పట్టింది. ఆ అమ్మాయి నాలుగు రోజులు కాలేజీకి రాలేదు. ఐదో రోజు మధ్యాహ్నం ల్యాబులోకి వచ్చింది. కాళ్ళు బురదతో మోకాళ్ళ దాకా నల్లగా ఉన్నాయి. చేతిలో పాత పేపరు పొట్లం. వాళ్ళ గూడెంలో వాంతులు, బేదులు పట్టుకున్నాయట. ఇద్దరు ముసలివాళ్ళు పోయారట. నర్సమ్మ వచ్చి ఉప్పు-చక్కెర పొట్లాలు ఇచ్చి, పంచాయతీ ఆఫీసు వరండాలో ఉన్న బ్లీచింగ్ బస్తా గూడేనికి పంపించి, బావిలో వెయ్యమని చెప్పి వెళ్ళిందట. ఎంత వెయ్యాలో చెప్పలేదట.

"ఇదే మేడం ఆ పొడి. ఎంత వెయ్యాలె? ఎక్కువైతే మనుషులకు ఏమన్న అయితదని భయపడుతున్నరు. మా అమ్మ అయితే మీ మేడంను అడుగు పో అన్నది."

నేను చెప్పే పాఠం కోసం ఒక ఊరు నా దగ్గరికి రావడం అదే మొదటిసారి. ఒళ్ళు పులకరించిందంటే అబద్ధం కాదు. అక్కడ మనుషులు చచ్చిపోతుంటే ఇక్కడ నాకు పులకరింత! కానీ ఉన్నది ఉన్నట్టు చెప్పాలి కదా. వెంటనే కాగితం తీశాను. బస్తా మీద ఏం రాసి ఉందని అడిగాను. క్లోరిన్ నూటికి ముప్పై మూడు వంతులని ఉందని చెప్పింది, ఆమె చదివే వచ్చింది. గూడెంలో తూకం రాళ్ళు లేవు కాబట్టి అగ్గిపెట్టెతో కొలవాలనుకున్నాను. ఖాళీ అగ్గిపెట్టెలో ఆ పొడి నింపి ల్యాబు త్రాసులో తూచాను. పదిహేడు గ్రాములు చిల్లర వచ్చింది. ఒకసారి కాదు, మూడుసార్లు తూచి సగటు తీశాను.

అంత జాగ్రత్తపరురాలిని ఇంకొక్క పని చేయలేదు. పక్క బల్ల మీదే సెకండియర్ పిల్లల ప్రాక్టికల్ కోసం బ్యూరెట్లు నిలబెట్టి ఉన్నాయి. హైపో ద్రావణం కలిపి ఉంది. ఆ పొడిలో నిజంగా ఎంత క్లోరిన్ ఉందో తేల్చడానికి అరగంట చాలు. పొడి ఉండలు కట్టి ఉండడం చూశాను. బ్లీచింగ్ పొట్లం విప్పితే ముక్కు మండాలి, మండలేదు. వానకు కాస్త చెమ్మ తగిలిందిలే అనుకున్నాను. బస్తా మీద అచ్చులో అంకె ఉన్నాక ఇంకా పరీక్ష ఏమిటి? కెమిస్ట్రీ చదువుకున్నవాళ్ళకే వచ్చే జబ్బు ఇది. లేబుల్ మీద రాసింది సీసాలో ఉందనుకుంటాం. ఏమీ చదువుకోనివాళ్ళయితే వాసన చూసి, ఇది చచ్చిన పొడి అని పారేసేవాళ్ళు.

మర్నాడు ఆదివారం. ఆ అమ్మాయితో కలిసి గూడేనికి వెళ్ళాను. వాగులో నీళ్ళు నడుం దాకా ఉన్నాయి, ఆమె చెయ్యి పట్టుకుని దాటాను. అటు ఒడ్డున ఊరి పెద్ద ఎదురొచ్చాడు. డెబ్భై దాటిన మనిషి, సన్నగా, మోకాలి పైకి కట్టిన పంచెతో. నన్ను చూసి దండం పెట్టి, తాము బావి నీళ్ళు మానేసి నాలుగు రోజులైందని చెప్పాడు.

"గుట్ట కింద ఒర్రెల చెలమలు తవ్వినం పంతులమ్మా. గా నీళ్ళే తాగుతున్నం. రోగమొస్తే బావి ఇడిశిపెడతం. మా తాతల సంది గిట్లనే."

ఒర్రె అంటే గూడేనికి పైన, గుట్ట మీంచి దిగే చిన్న పాయ. దాని పక్క ఇసుకలో చేత్తో గుంట తోడి, ఊరిన నీళ్ళను దొప్పతో బిందెలోకి నింపుకునేదే చెలమ. అక్కడికి ఆడవాళ్ళు అరగంట నడవాలి, దారంతా జారుడు. నేను వెళ్ళి చూశాను. ఇసుకలో గుంట, పక్కనే పశువుల గిట్టల గుర్తులు. నాకు చిర్రెత్తుకొచ్చింది.

"ఇసుక గుంటలో నీళ్ళు తాగి రోగం తగ్గించుకుంటారా? అందులో ఏమేం కలుస్తాయో తెలుసా? మందు వేసిన బావి ఇంటి ముందర ఉండగా ఈ గుంటల దగ్గరికి ఎందుకు?" అని అరిచాను. కోయలో మాట్లాడుకుంటున్న ఆడవాళ్ళు ఒక్కసారి ఊరుకున్నారు. ఆ నాలుగు రోజుల్లో కొత్తగా ఎవరికైనా బేదులు పట్టాయా అని నేను అడగాల్సింది. పెరటి చెట్టు మందుకు పనికిరాదు అంటారే, అలా ఆ చెలమ నా కళ్ళకు ఆనలేదు. అడగలేదు.

బావి దగ్గర మాత్రం నా సరదా చూడాలి. వెదురు బద్దతో బావి అడ్డం కొలిచాం, రెండున్నర మీటర్లు. తాడుకు రాయి కట్టి లోతు చూశాం, నీళ్ళు నాలుగు మీటర్లు. ఆ అమ్మాయే బావి గట్టు మీద బొగ్గు ముక్కతో లెక్క వేసింది. ఇరవై వేల లీటర్లకు కాస్త తక్కువ. వెయ్యి లీటర్లకు ఐదు గ్రాముల చొప్పున నూరు గ్రాములు. రోగం ఉన్న ఊరని మామూలు మోతాదుకు రెట్టింపు పట్టాను. నూరు గ్రాములంటే ఆరు అగ్గిపెట్టెలు. బకెట్లో పొడి కలిపి, అడుగున సున్నం పేరుకున్నాక పైతేటను బావిలో దించి తాడుతో కలియదిప్పాం. గంట ఆగమన్నాను. అందరూ గంటసేపు బావి చుట్టూ కూర్చున్నారు.

గంటయ్యాక ఆ అమ్మాయి వాళ్ళమ్మ మొదటి చెంబు తోడింది. ముప్పై ఐదేళ్ళు ఉంటాయేమో, బిడ్డలాగే మాట తక్కువ. తాగి, మూతి తుడుచుకుని నవ్వింది.

"మందు వాసన ఎక్కడిదమ్మా, మంచిగున్నయ్ నీళ్ళు," అంది.

క్లోరిన్ వేసిన నీళ్ళకు వాసన లేకపోవడమేమిటి? ఆ మాటకు నేను ఉలిక్కిపడాల్సింది. మోతాదు అంత సరిగ్గా కుదిరిందన్నమాట అని మురిసిపోయాను. రోజూ పొద్దున ఆరు పెట్టెలు వెయ్యమని ఆ అమ్మాయికి అప్పజెప్పాను. ఇక చెలమలకు ఎవరూ పోవద్దని, ఈ బావి నీళ్ళే తాగాలని అందరికీ గట్టిగా చెప్పాను. వాళ్ళు నాకు ఉడకబెట్టిన మొక్కజొన్న కంకులు పెట్టారు. వచ్చేటప్పుడు ఆ తల్లి వాగు దాకా వచ్చి, అటు ఒడ్డు ఎక్కేదాకా నిలబడి చూసింది.

సోమవారం క్లాసులో ఈ కథంతా చెప్పాను. మిగిలిన పొట్లం చూపించాను. బావి కొలతలు బోర్డు మీద వేసి పిల్లల చేత లెక్క చేయించాను. ఆ ఒక్కరోజు ఎవరి నోటుబుక్కూ విసరలేదు.

తర్వాతి శనివారం అదే దారిలో ఉన్న ఇంకో గూడెం పిల్లవాడొకడు క్లాసు అయ్యాక నా దగ్గరికి వచ్చాడు.

"మేడం, వాళ్ళ గూడెంల మళ్ళ షురూ అయినయట. ఎనిమిది మంది మంచాల మీదున్నరు. ఆమె వాళ్ళమ్మకు గూడ," అన్నాడు, మన కాలేజీ పిల్ల తెలుసు కదా అన్నట్టు ఆమె కూర్చునే బెంచీ వైపు చూపించి.

నేను నేరుగా ల్యాబులోకి పోయాను. అలమరలో ఆ పొట్లం అలాగే ఉంది. రెండున్నర గ్రాములు తూచి పావు లీటరు నీళ్ళలో కలిపి, అందులోంచి ఇరవై మిల్లీలీటర్లు తీశాను. పొటాషియం అయోడైడ్, ఆమ్లం వేశాను. మంచి పొడి అయితే ద్రావణం చిక్కటి డికాషన్ రంగుకు తిరగాలి. లేత టీ రంగు కూడా రాలేదు. బ్యూరెట్లోంచి పద్దెనిమిది, పందొమ్మిది మిల్లీలీటర్ల హైపో పట్టాలి. రెండు కూడా పట్టలేదు. టైట్రేషన్ మళ్ళీ చేశాను. అంతే వచ్చింది. మూడోసారి చేశాను, గంజి ద్రావణం ఒలికిపోయింది. నూటికి ముప్పై మూడు ఉండాల్సిన క్లోరిన్ నూటికి మూడు ఉంది. మూతి విప్పిన బస్తా వానాకాలం మొదలైనప్పటి నుంచీ వరండాలో ఉంటే, గాలీ చెమ్మా కలిసి ఉన్న బలమంతా లాగేశాయి. మిగిలింది దాదాపు సుద్ద. నేను రోజూ బోర్డు మీద రాసే సుద్ద. దాన్ని ఆరు అగ్గిపెట్టెలు కొలిచి, తేటపరిచి, ఒక ఊరి చేత తాగించాను.

ఆ రాత్రి పడుకోలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, తెల్లవారగానే ల్యాబులో సీలు తీయని మంచి బ్లీచింగ్ సీసా ఒకటి సంచిలో వేసుకుని ఆటోలో బయల్దేరాను. ఆ సీసా మొదటి నుంచీ అలమరలోనే ఉంది. ఆ మాట రాస్తుంటేనే నా మీద నాకు అసహ్యం వేస్తోంది.

వాగు నిండుగా పారుతోంది. పైన ఎక్కడో పెద్ద వాన పడింది. అటు ఒడ్డున నలుగురు మగవాళ్ళు మంచాన్ని దించి నిలబడి ఉన్నారు. మంచం మీద నీలం రంగు పట్టా కప్పి ఉంది. పట్టా అంచు ఎత్తి పట్టుకుని ఆ అమ్మాయి నేల మీద కూర్చుని ఉంది. నన్ను చూసి లేచి ఏదో అరిచింది. వినపడలేదు. నేను చేతులు నోటికి అడ్డం పెట్టుకుని, బావి నీళ్ళు తాగొద్దు, చెలమ నీళ్ళే తాగండి, అని అరిచాను. నా మాటా వాళ్ళకు వినపడలేదు. మా మధ్య ముప్పై గజాలు కూడా లేదు. వాగు తగ్గేదాకా మూడు గంటలు అటు వాళ్ళు, ఇటు నేను కూర్చున్నాం. ఆ మూడు గంటల్లో ఆ తల్లి రెండుసార్లు చెయ్యి ఎత్తింది. నీళ్ళ కోసమేనని ఇటు నుంచి కూడా తెలుస్తోంది. ఆ అమ్మాయి సొరబుర్ర వంచి నోట్లో పోస్తోంది. ఆ బుర్రలో ఉన్నవి ఏ నీళ్ళో నాకు తెలుసు.

మధ్యాహ్నానికి దాటించారు. నా ఆటోలోనే దవాఖానాకు తీసుకుపోయాం. ఆ తల్లి కళ్ళు లోపలికి పోయాయి, చర్మం పట్టి వదిలితే అలాగే నిలబడింది. డాక్టరు రెండు చేతులకూ సెలైన్ పెట్టించాడు. మూత్రం ఆగిపోయి రెండు రోజులైందట, ఇంత ఆలస్యంగా తెస్తే ఏం చేస్తామని మా మీదే కేకలేశాడు. మర్నాడు పొద్దున్నే పోయింది. ఆ అమ్మాయి ఏడవలేదు. వాళ్ళ నాన్నకు కోయలో ఒక్క మాట చెప్పి, మంచం కింద ఉన్న చెప్పులు తీసి సంచిలో పెట్టుకుంది. నేను గోడకు ఆనుకుని ఏడ్చాను. నన్ను చూసి నర్సు, ఈమె చుట్టమేమో అనుకుని మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది.

ఆ సాయంత్రమే బావి దగ్గరికి వెళ్ళి మంచి పొడి వేయించాను. నీళ్ళు ఘాటుగా వాసన కొట్టాయి. ఎవరూ తాగలేదు. అప్పటికే ఊరంతా చెలమలకు పోతున్నారు, నేను చెప్పానని కాదు, వాళ్ళకు వాళ్ళే పోయారు. పెద్దాయన నా ముందుకు రాలేదు. ఆయన వచ్చి నాలుగు మాటలు తిట్టి ఉంటే నాకు కాస్త తెరిపిగా ఉండేది.

కాలేజీలో ప్రిన్సిపాల్‌కు జరిగింది చెప్పాను. ఆయన తలుపు దగ్గరికి వేసి నెమ్మదిగా మాట్లాడాడు. "మనకెందుకమ్మా? బస్తా మనది కాదు, బావి మనది కాదు. పిల్ల అడిగింది, లెక్క చెప్పినవ్. లెక్క కరెక్టే గదా. ఇప్పుడు ఈ టైట్రేషన్ సంగతి బయటికొస్తే పోయిపోయి నీ మెడకే చుట్టుకుంటది. వచ్చే నెల రెన్యువల్ ఉంది, యాది పెట్టుకో." నేను తల ఊపాను. ఎంత కోపిష్ఠిదాన్నయినా ఆయన ముందు తలే ఊపాను. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందని ఊళ్ళో ఎవరో అన్నారని కూడా ఆయనే చెప్పాడు. అన్నవాళ్ళది తప్పేం కాదు.

నెల తర్వాత ఆ అమ్మాయి కాలేజీకి వచ్చింది. చదువుకోవడానికి కాదు, టీసీ తీసుకోవడానికి. ఇంట్లో ఇద్దరు చిన్నపిల్లలు ఉన్నారు, చూసేవాళ్ళు లేరు. స్టాఫ్ రూము బయట నా కోసం నిలబడి ఉంది.

"మేడం, ఒకటి అడగాలె. లెక్క ఎక్కడ తప్పింది?"

నేను చేతిలోని రిజిస్టరు మూశాను.

"నేనే తప్పిన్నేమో మేడం. మొదటి మూడు రోజులు పెట్టె నిండ పోసిన. తర్వాత పొడి ఒడుస్తదేమోనని తలకొట్టి పోసిన. ఆరుకు ఐదే పడ్డయేమో. దినాం రాత్రి గదే యాదికొస్తది."

చెప్పడానికి అదే సమయం. నోటుబుక్కులో నా మూడు టైట్రేషన్ల రీడింగులు ఉన్నాయి. అవి చూపించి, తల్లీ, నీ కొలతలో ఏ తప్పూ లేదు, తప్పంతా నాది అనాలి. కారిడార్లో ప్రిన్సిపాల్ గది తలుపు తీసి ఉంది. "ఎవరి తప్పూ కాదమ్మా. అలా జరగాల్సి ఉంది, జరిగింది. టీసీ తీసుకోకు, మళ్ళీ రా," అన్నాను. ఇరవై ఏళ్ళ సర్వీసులో అంత చెత్త మాట నేను మరెప్పుడూ అనలేదు. ఆమె తల ఊపి టీసీ తీసుకుని పోయింది.

నా కాంట్రాక్టు రెన్యువల్ అయింది. స్టాయికియోమెట్రీ చెప్పాను, పరీక్షలు పెట్టాను. పిల్లలు తప్పులు చేశారు, కోపం రాలేదు. కానీ ఆ పదహారేళ్ళ పిల్ల రాత్రిళ్ళు పడుకుని అగ్గిపెట్టెలు లెక్కపెట్టుకుంటోందన్న ఊహ నన్ను అన్నం తిననివ్వలేదు. తల్లి చావు తన చేతి మీదుగా జరిగిందని ఆమె జీవితాంతం అనుకుంటుంది. నిజం తెలిసి చెప్పగలిగినదాన్ని నేనొక్కదాన్నే. చెబితే ఆమె బరువు దిగుతుంది. నా బరువు కూడా దిగుతుందని లోపల ఒక ఆశ. ఆ రెండో దాని కోసమే వెళ్ళానేమో, ఇప్పటికీ తేల్చుకోలేను.

పత్తి ఏరే రోజులు. రోడ్డు పక్క చేలో కూలికి వస్తోందని తెలిసి వెళ్ళాను. పదిహేను మంది ఆడవాళ్ళు సాళ్ళలో వంగి ఉన్నారు. నన్ను చూసి ఆమె వచ్చింది గానీ పని ఆపలేదు. నేను పక్కన నడుస్తూ చెప్పాను. బస్తా సంగతి, టైట్రేషన్ సంగతి, పక్క బల్ల మీదే అన్నీ ఉండి నేను పరీక్ష చేయని సంగతి, అన్నీ చెప్పాను. "నువ్వు తలకొట్టి పోసినా కుప్పగా పోసినా ఒకటే. అందులో మందే లేదు. నీ కొలత తప్పలేదు," అన్నాను.

ఆమె చేతులు కాయలోంచి దూది లాగుతూనే ఉన్నాయి.

"ఎంతున్నది మేడం? నూటికి ముప్పై మూడు గాకుండ?"

"మూడు."

"అంటే పదకొండింతలు తక్కువ." ఒక్క క్షణం పెదవులు కదిలాయి. "అరవై ఆరు పెట్టెలు పొయ్యాలె."

అవునన్నాను. ఇప్పటికీ క్లాసులో ఎవరూ అంత తొందరగా చెప్పలేరు. ఆమె దూదిని నడుముకు కట్టుకున్న సంచిలో కుక్కింది.

"చెలమ నీళ్ళు తాగినోళ్ళకు ఏం గాలే మేడం. పెద్దాయన ఇంటోళ్ళు బావికి రానేలే. అందరు మంచిగున్నరు."

"అవును," అన్నాను.

"మా అమ్మ గూడ చెలమకే పోతనన్నది. మూడో రోజు. బావి నీళ్ళు తాగితే కడుపుల ఎట్లనో అయితుందని బిందె వట్టుకొని బయలెల్లింది. నేనే గుంజుకున్న. మా మేడం లెక్క చేసి చెప్పింది, నీకేం తెలుసని మీరు చేసినట్టే కోపం చేసిన. ఇగ అమ్మ ఏమనలే. బావి నీళ్ళే తాగింది."

సాలు మధ్యలోనే కూర్చుండిపోయాను. అవతల సాలులో ఎవరో జల్దీ జల్దీ అని కేకేశారు.

"ఇన్ని దినాలు కొలత తప్పిన అనుకున్న. చెయ్యి తప్పుడు ఎవరికైన అయితది, గట్ల అనుకొని పండుకుంటున్న," అందామె. గొంతులో కోపం లేదు. "మీరు చెప్పకపోతే మంచిగుండు మేడం."

సంచి సర్దుకుని పక్క సాలులోకి వంగింది.